నారోబోట్‌కి నీళ్ళ లెక్క

ఇంగ్లండ్ కాలువల మీద తిరిగే సన్నటి పొడుగు ఉక్కు పడవ నారోబోట్. అది గాలివానకి మునగడం అరుదు. మునిగితే లాకులో (నీటిమట్టం మార్చి పడవని ఎక్కించే, దించే తలుపుల తొట్టిలో) మునుగుతుంది, లేదంటే గట్టున కట్టేసి ఉండగా, లోపల ఎవరూ లేని వారంలో చుక్కచుక్కగా నిండి అడుగున కూర్చుంటుంది. కాలువ లోతు చాలాచోట్ల నడుము దాటదు కాబట్టి పైకప్పు కనిపిస్తూనే ఉంటుంది. ఇంజను, వైరింగు, చెక్కపని మాత్రం ఒక్కరాత్రిలో పోతాయి.

కొత్తగా పడవ కొనాలనుకునేవాళ్ళకి తారుపూత, బలాస్టు (నిలకడకి అడుగున పరిచే బరువు), బ్యాటరీలు, గ్యాసు, లాకు దాటడం వేర్వేరు పాఠాల్లా కనిపిస్తాయి. చేతికి పని తగిలాక తెలుస్తుంది, ఒకదాన్ని కదిపితే ఇంకోటి కదులుతుందని. అరిగిన అడుగుకి కొత్త రేకు అతికిస్తే పడవ బరువెక్కి కిందకి దిగుతుంది. దిగితే సింకు నీళ్ళు బయటికి పోయే కంత కాలువ నీటికి దగ్గరవుతుంది. కొన్నాళ్ళకి ఆ కంతలోంచే నీళ్ళు లోపలికి వస్తాయి. రేకు వేసినవాడూ, సింకు పెట్టినవాడూ ఎవరి పని వాళ్ళు బాగానే చేసి ఉంటారు. అందుకే ఏ పనికి దిగినా రెండు ప్రశ్నలు వేసుకోవాలి: దీనివల్ల బరువు ఎటు పోతుంది? నీళ్ళు ఎటు పోతాయి?

కొలత ఎక్కడిది

1766లో ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకి పార్లమెంటు అనుమతి ఇచ్చింది. ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ ఖర్చూ నీళ్ళూ రెండూ కలిసొచ్చేలా లాకుల్ని ఇరుగ్గా పెట్టాడు: సుమారు 72 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. మధ్య ఇంగ్లండ్ కాలువలు చాలావరకు అదే కొలత పట్టుకున్నాయి. ఇవాళ్టి నారోబోట్ 6 అడుగుల 10 అంగుళాల వెడల్పు ఉండడానికి కారణం అదే. గోదావరి, కృష్ణా డెల్టా కాలువల పక్కన పెరిగినవాళ్ళకి లాకు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తేడా అల్లా ఇంగ్లండ్‌లో చాలా లాకుల దగ్గర సిబ్బంది ఉండరు, తలుపులూ తూములూ పడవవాళ్ళే తిప్పుకోవాలి.

పొడవు మాత్రం మన ఇష్టం, అందులోనే చిక్కుంది. ఉత్తరాన కాల్డర్ అండ్ హెబుల్ కాలువ లాకులు పొట్టివి, 57 అడుగులు దాటిన పడవకి అక్కడ కష్టమే. లీడ్స్ అండ్ లివర్‌పూల్‌లో 60 అడుగుల దాకా నడుస్తుంది. దేశమంతా తిరగాలనుకుంటే 57 అడుగుల పడవ చూసుకోవాలి. ఒకేచోట ఉండిపోయేవాళ్ళు 70 అడుగులది కొన్నా నష్టం లేదు, తిప్పుకోవడానికి వెడల్పున్న చోటు ఎక్కడుందో తెలిస్తే చాలు.

కాగితాల సంగతి క్లుప్తంగా. ఇంగ్లండ్, వేల్స్‌లో చాలా కాలువలు 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చేతిలో ఉన్నాయి. లైసెన్సు కావాలంటే ఇన్సూరెన్సు, నాలుగేళ్ళకోసారి బోట్ సేఫ్టీ స్కీమ్ సర్టిఫికెట్ ఉండాలి. సొంత మూరింగ్ (పడవ కట్టుకునే చోటు) లేనివాళ్ళు ఒక్కచోట 14 రోజులకి మించి ఆగకుండా నిజంగా ప్రయాణం చేస్తూ ఉండాలి. ఇదిగో ఇటు వంద గజాలు, అటు వంద గజాలు జరిపితే ప్రయాణం కింద లెక్కకి రాదు.

ఉక్కు ఎలా అరుగుతుంది

కొత్త పడవ ఉక్కు మందాన్ని 10/6/4 అని చెబుతారు. అడుగు రేకు 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, క్యాబిన్ గోడలు 4. పాతవాటిలో 6/5/4 కూడా దొరుకుతాయి. కొనేముందు పడవని నీళ్ళలోంచి పైకి తీయించి, సర్వేయర్ చేత అల్ట్రాసోనిక్ మందం పరీక్ష చేయించి తీరాలి. 4 మిల్లీమీటర్ల కంటే పల్చబడిన హల్‌కి (పడవ డొప్పకి) పూర్తి ఇన్సూరెన్సు ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి.

రిపోర్టులో సగటు చూసి మురిసిపోకూడదు. ఉక్కు సమంగా అరగదు, గుంటలు పడుతూ అరుగుతుంది. సగటున 5.4 ఉన్న పలకలో ఒక గుంట దగ్గర 2.8 మాత్రమే మిగిలి ఉండొచ్చు. పడవలోకి నీళ్ళు రావడానికి ఆ ఒక్క గుంట చాలు. తుప్పు ఎక్కువగా తినేది నీటిమట్టం గీత చుట్టూ. అక్కడ ఉక్కుకి గాలీ నీరూ రెండూ అందుతాయి, లాకు గోడలకి రాసుకుని పూత లేచిపోయేదీ అక్కడే.

బిటుమెన్ (తారు) పూతని రెండు మూడేళ్ళకోసారి వెయ్యాలి. డ్రైడాక్‌లోకి (పడవని నీళ్ళు లేకుండా నిలిపే చోటికి) ఎక్కాక, పాచీ నత్తగుల్లలూ ఆరిపోయి గట్టిపడకముందే ప్రెషర్ వాషర్‌తో కడిగెయ్యాలి. ఊడిపోతున్న పాత పూతని గీకి, తుప్పు తేలిన చోట ఉక్కు తెల్లగా కనిపించేదాకా రుద్దాలి. గుంటల్లోకి మొదట బ్రష్షుతో పొడిచి పూసి, తర్వాత రోలర్ పట్టాలి. 57 అడుగుల పడవకి రెండు పక్కలా కలిపి దాదాపు 35 చదరపు మీటర్లు వస్తుంది, మూడు చేతులకి (పూతలకి) సుమారు 20 లీటర్లు పడుతుంది. నీటిమట్టం దగ్గర ఇంకో చెయ్యి అదనంగా వేస్తే డబ్బు వృథా పోదు. చివరి పూత తర్వాత కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. డాక్ అద్దె రోజుకింత అని తొందరపడి తడి పూతతో దించితే మొత్తం పని మళ్ళీ మొదటికి వస్తుంది. ఇంకో మాట: బిటుమెన్ డీజిల్‌కి కరిగిపోతుంది. మెరీనాలో (పడవలు కట్టే రేవులో) నీటి మీద డీజిల్ పొర తేలుతుంటే మీ పూత గీత పొడవునా మెత్తబడుతుంది.

రెండు డబ్బాల ఎపాక్సీ ఇంతకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ పాత బిటుమెన్ మీద పట్టదు. ముందు గ్రిట్ బ్లాస్టింగ్‌తో (గరుకు రేణువుల్ని గాలి ఒత్తిడితో కొట్టి) ఉక్కు నగ్నంగా తేలాలి. ఉక్కు ఉష్ణోగ్రత డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీరయ్యే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. నవంబరులో, టార్పాలిన్ కింద వేసిన ఎపాక్సీ రెండేళ్ళలో పొరలుగా లేస్తే తప్పు డబ్బాది కాదు. కొత్త ఉక్కు మీద ఫ్యాక్టరీ నుంచి వచ్చే నల్లటి మిల్ స్కేల్ పొర ఉంటుంది. దాన్ని తీయకుండా పూసినా ఇదే కథ, పైగా ఆ పొర పగిలిన చోట తుప్పు మరీ లోతుకి దిగుతుంది. అందుకే కొత్త పడవకి మొదటిరోజే బ్లాస్ట్ చేయించి ఎపాక్సీ వేయించడం మంచిది. పాతదానికి, జేబు చూసుకుని, క్రమం తప్పకుండా బిటుమెన్ వేసుకుంటే సరిపోతుంది.

పూత పోయిన చోట కాపు కాసేవి యానోడ్లు, అంటే ఉక్కు బదులు తాము కరిగిపోయే లోహపు దిమ్మలు. కాలువ మంచినీళ్ళకి మెగ్నీషియం యానోడ్లే పనిచేస్తాయి. జింక్ ఉప్పునీళ్ళకి, కాలువలో పెడితే దాదాపు అలంకారమే. ముందు రెండు, వెనక రెండు వెల్డ్ చేస్తారు. వాటి ప్రభావం కొన్ని మీటర్ల దాకే ఉంటుంది కాబట్టి పొడుగు పడవకి మధ్యలో ఇంకో జత కావాలి. వాటి మీద పూత పూయకూడదు. సగం కరిగాయంటే మార్చే వేళయినట్టే.

యానోడ్ ఏడాదిలోనే మాయమైపోతే ఒడ్డు కరెంటుని అనుమానించాలి. మెరీనాలో ప్లగ్గు పెట్టగానే ఎర్త్ వైరు ద్వారా మీ హల్, పక్క పడవ హల్, దాని పక్కది అన్నీ ఒకే తీగకి కలుస్తాయి. చుట్టూ నీళ్ళుంటాయి కనక అది ఒక పెద్ద బ్యాటరీ అవుతుంది. యానోడ్లు లేని పక్క పడవని మీ మెగ్నీషియం కాపాడుతూ ఉంటుంది, అది అయిపోయాక మీ ఉక్కు వంతు వస్తుంది. దీనికి గాల్వానిక్ ఐసోలేటర్ పెట్టాలి. ఇన్‌లెట్ నుంచి లోపలికి వచ్చిన ఎర్త్ వైరు మీద, ఇంకే కనెక్షనూ కలవకముందే పెట్టాలి. అది ఆపేది డీసీని మాత్రమే, అదీ ఓల్టు పైచిలుకు దాకానే. ఏడాదంతా ప్లగ్గు మీదే ఉండే పడవకి ఒడ్డు ఎర్త్‌తో తీగ కలవకుండా కరెంటు అందించే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరే సరైన మందు. ఖరీదూ బరువూ ఎక్కువే, కానీ అడుగుకి కొత్త రేకు వేయించే ఖర్చు ముందు అది చిల్లర.

వెనక భాగంలో రెండు కంతలు

ప్రొపెల్లర్ షాఫ్ట్ హల్‌ని దాటే చోట స్టెర్న్ గ్లాండ్ ఉంటుంది. గ్రీజు పట్టించిన ప్యాకింగ్ తాడు మూడు నాలుగు చుట్లు షాఫ్ట్ చుట్టూ బిగించి ఉంటాయి. పొలాల్లో సెంట్రిఫ్యూగల్ పంపుల గ్లాండ్ మార్చినవాళ్ళకి ఇందులో కొత్తేమీ లేదు. తాడు చివర్లని ఏటవాలుగా కోసి, ఒక చుట్టు అతుకు మీద ఇంకో చుట్టు అతుకు రాకుండా మూడోవంతు తిప్పి పెట్టాలి. పడవ నడుస్తున్నప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు కారితే అది ఆరోగ్యం, షాఫ్ట్‌కి చల్లదనం. ఒక్క చుక్క కూడా రాకూడదని బిగిస్తే గ్లాండ్ వేడెక్కి షాఫ్ట్‌లో గాడి పడుతుంది, అప్పుడిక ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. నడిపాక గ్లాండ్ మీద చెయ్యి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనించలేకపోతే వదులు చెయ్యాలి. నట్లు రెండింటినీ సమంగా, పావు చుట్టు చొప్పున తిప్పాలి. రోజు ప్రయాణం ముగిశాక గ్రీజర్ (గ్లాండ్‌లోకి గ్రీజు ఎక్కించే గొట్టం) పిడిని బిగువు తగిలేదాకా తిప్పడం మరవకూడదు. రాత్రంతా కారకుండా ఆపేది ఆ గ్రీజే.

రెండో కంత వీడ్ హాచ్. ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న గడ్డి, సంచులు, చీరంత పొడవున్న ప్లాస్టిక్ షీట్లు తీయడానికి ఇంజను గదిలోంచి నేరుగా నీళ్ళలోకి తెరుచుకునే మూత అది. ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. చుట్టుకున్న తాడు కోయడానికి రొట్టెలు కోసే రంపపు పళ్ళ చాకు బాగా పనికొస్తుంది. అసలు ప్రమాదం మూత మళ్ళీ పెట్టేటప్పుడు ఉంది. పడవ నిలబడి ఉండగా మూత వంకరగా ఉన్నా నీళ్ళు రావు, ఎందుకంటే హాచ్ అంచు నీటిమట్టానికి పైనే ఉంటుంది. గేరు వేయగానే ప్రొపెల్లర్ నీళ్ళని పైకి తన్ని ఇంజను గదిలోకి కొడుతుంది. వెనక బరువెక్కి ఇంకా దిగుతుంది, ఇంకా కొడుతుంది. నడిపేవాడు ఆ గది మూత మీదే నిలబడి ఉంటాడు, కింద ఏం జరుగుతోందో చూడడు. మూత బిగించి, గేరు వేసి, నిమిషంసేపు లోపలికి చూసి, ఆ తర్వాతే పైపలక వెయ్యాలి. రబ్బరు సీలు గట్టిపడిందేమో ఏటా చూసుకోవాలి.

సింకు, షవర్, బిల్జ్ (పడవ అడుగు) పంపు నీళ్ళు బయటికి పోయే కంతలన్నీ నీటిమట్టానికి కనీసం 10 అంగుళాల పైన ఉండడం మేలు. అంతకన్నా కింద ఉంటే గొట్టాన్ని లోపల పైకి వంచి కిందకి దింపాలి. లాకులో పడవ ఒక పక్కకి ఒరిగినప్పుడు ఈ లెక్క అక్కరకొస్తుంది.

బలాస్టు ముందా, వంటగది ముందా?

ఖాళీ ఉక్కు డొప్ప కొని లోపలి పని సొంతంగా చేసుకునేవాళ్ళు తొందరపడేది ఇక్కడే. డొప్ప తేలిగ్గా, ఎత్తుగా తేలుతుంది. దాన్ని కిందకి దించి నిలకడ తేవడానికి అడుగున కాంక్రీటు పలకలో ఇంజనీరింగ్ ఇటుకలో పరుస్తారు. నేల పలకలు వేశాక బలాస్టు సర్దడం నరకం, నేల వేయకముందు సర్దితే చివరికి ఎంత బరువు ఎక్కడ పడుతుందో తెలీదు. దారి ఏమిటంటే, అంచనా వేసిన దానికి కొంచెం తక్కువే పరిచి, సరుకంతా ఎక్కాక సర్దడానికి మధ్య నడవాలో స్క్రూలతో విప్పుకునే పలకలు ఉంచుకోవడం. ముందుభాగంలో 400 లీటర్ల నీళ్ళ ట్యాంకు ఉంటే అది నిండినప్పుడూ ఖాళీ అయినప్పుడూ 400 కిలోల తేడా. ట్యాంకు సగం నిండి ఉన్నప్పుడు పడవ సమంగా, వెనక కాస్త కిందకి ఉండేలా చూసుకుంటే మధ్యేమార్గం. వంటగది, స్టవ్, వేడినీళ్ళ ట్యాంకు మూడూ ఒకే పక్క పెట్టి, రెండో పక్క ఒట్టి సోఫా వేస్తే పడవ ఒరుగుతుంది.

ఇటుకల్ని ఉక్కు మీద నేరుగా పెట్టకూడదు. కింద పల్చటి చెక్కబద్దలో ప్లాస్టిక్ ముక్కలో పెట్టి, అంచుల దగ్గర ఖాళీ వదలాలి. లోపల పడ్డ నీళ్ళు ఏ మూల నుంచైనా వెనక్కి జారి, క్యాబిన్ వెనక చివర చేరాలి. అక్కడ నేలలో చెయ్యి పట్టేంత తనిఖీ మూత పెట్టాలి. నెలకోసారి ఆ మూత తీసి వేలు పెట్టి చూడడం ఈ పడవకి చేసే సేవలన్నింటిలో చవకైనది. చాలా పడవలు బయటినుంచి కాదు, నేల కింద ఏళ్ళతరబడి నిలిచిన షవర్ నీళ్ళ వల్ల లోపలినుంచి కుళ్ళుతాయి.

ఆ నీళ్ళు పైపులోంచి కారకపోయినా వస్తాయి. చలికాలంలో ఇద్దరు మనుషులు నిద్రపోయి, అన్నం వండుకుని, బట్టలు ఆరేసుకుంటే ఆ ఆవిరంతా చల్లటి ఉక్కుని వెతుక్కుని నీరవుతుంది. అందుకే క్లోజ్డ్ సెల్ పాలీయురేథేన్ స్ప్రే ఫోమ్ మేలు. 25 నుంచి 40 మిల్లీమీటర్ల మందాన ఉక్కుకి అంటుకుపోతుంది, వెనక ఆవిరి దూరే సందు ఉండదు. పాలీస్టైరీన్ పలకలు చవక, కానీ వాటి వెనక సందుల్లో తేమ చేరుతుంది. పైగా పీవీసీ వైరు పాలీస్టైరీన్‌ని తాకితే వైరు తొడుగులోని మెత్తదనం దానిలోకి పోయి, తొడుగు పెళుసెక్కి పగులుతుంది. పలకలే వాడితే వైర్లన్నీ పైపుల్లో పోనివ్వాలి.

12 ఓల్టుల ఇంటి కరెంటు

ఎక్కువ డబ్బు కాలేది ఇక్కడే, అదీ మళ్ళీమళ్ళీ. మొదట రోజు వాడకం రాసుకోవాలి. 12 ఓల్టుల ఫ్రిజ్ రోజుకి 45 ఆంపియర్ అవర్లు, లైట్లు 8, నీళ్ళ పంపు 4, ల్యాప్‌టాప్, ఫోన్లు 25, రౌటర్ 15, హీటర్ పంపు 13 అనుకుంటే మొత్తం 110. నాలుగు 110 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలుంటే 440. అందులో సగానికి మించి తోడకూడదు కాబట్టి చేతికొచ్చేది 220, అంటే రెండు రోజులు.

తోడినంత తిరిగి నింపడంలో మెలిక ఉంది. ఆల్టర్నేటర్ మొదటి గంట 50, 60 ఆంపియర్లు తోస్తుంది. బ్యాటరీ 80 శాతం దాటాక అంత మింగదు: 30, 15, 8 అంటూ తగ్గిపోతుంది. చివరి 20 శాతానికి నాలుగైదు గంటలు పడుతుంది. రోజూ గంటన్నర ఇంజను తిప్పి ‘చార్జయింది’ అనుకునేవాళ్ళ బ్యాటరీలు ఎప్పుడూ నిండవు. ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, ఒక్క చలికాలంలో 440 కాస్తా 200 అవుతుంది. అసలుకే ఎసరు. 14.4 ఓల్టుల దగ్గర కరెంటు 5 ఆంపియర్ల కిందకి పడితేనే నిండినట్టు. వారానికోసారైనా అక్కడిదాకా తీసుకెళ్ళాలి. పక్క పడవలున్నచోట రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా ఇంజను తిప్పకూడదన్న నిబంధన కూడా లెక్కలో పెట్టుకోవాలి. పైకప్పు మీద 300, 400 వాట్ల సోలార్ పలకలు జూన్‌లో ఈ వాడకాన్ని దాదాపు పూడుస్తాయి. డిసెంబరులో అందులో పదోవంతు వస్తే గొప్ప.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకి ఈ నస లేదు, సగం నిండి ఉన్నా వాటికి హాయే. కానీ అవి ఆల్టర్నేటర్ ఇవ్వగలిగిందంతా గంటలతరబడి లాగి దాన్ని కాల్చేస్తాయి. నిండగానే వాటి రక్షణ సర్క్యూట్ ఠక్కున తెగితే ఓల్టేజి ఎగసి ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి. మధ్యలో 30 ఆంపియర్ల డీసీ నుంచి డీసీ చార్జర్ పెట్టి, స్టార్టర్ బ్యాటరీని లెడ్ యాసిడ్‌గానే ఉంచడం క్షేమం. సున్నా డిగ్రీల కింద వాటిని చార్జ్ చేయకూడదు, అంటే ఇంజను గదిలో కాదు, క్యాబిన్ లోపల పెట్టాలి.

వైరు మందం దగ్గర ఇళ్ళ వైరింగు చేసేవాళ్ళు బోల్తా పడతారు. బ్యాటరీలు వెనక, ఫ్రిజ్ 10 మీటర్ల ముందు అనుకుందాం. పోనురాను 20 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి అడ్డు 0.14 ఓములు, 5 ఆంపియర్లకి 0.7 ఓల్టులు దారిలోనే పోతాయి. బ్యాటరీ 12.2 దగ్గరుంటే ఫ్రిజ్‌కి చేరేది 11.5. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో కరెంటు ఎగసి ఇంకా పడిపోతుంది, ఫ్రిజ్ ఆగిపోతుంది. జనం కొత్త బ్యాటరీలు కొంటారు. 10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి ఉంటే పోయేది 0.18 ఓల్టులే. గోడలు మూసేశాక ఈ వైరు మార్చాలంటే సగం చెక్కపని ఊడదీయాలి.

గ్యాసు, పొయ్యి

బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, అందుకే పడవల్లో 13 కిలోల ప్రొపేన్ సిలిండర్లు వాడతారు. గ్యాసు గాలికన్నా బరువైనది, కారితే బిల్జ్‌లోకి జారి అక్కడే ఉంటుంది, పడవలో అది బయటికి పోవడానికి కింద తలుపు లేదు. కాబట్టి సిలిండర్ల అర క్యాబిన్‌కి ఏ సందూ లేకుండా, అడుగున బయటికి కంతతో ఉండాలి. ఆ కంత నీటిమట్టానికి పైన ఉండాలి. బలాస్టు ఎక్కువైన పడవలో అది మునిగి మూసుకుపోయిన సందర్భాలుంటాయి. లైను పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న మెకానిక్కులకే అప్పజెప్పాలి.

బొగ్గు పొయ్యి ఉంటే చలికాలం గడుస్తుంది. తలుపు చుట్టూ తాడు సీలు ఏటా మార్చి, పొగగొట్టం మసి దులపాలి. గోడల్లో, కప్పులో ఉన్న గాలి కంతల్ని చలికి గుడ్డలు కుక్కి మూయడం ప్రాణాంతకం. మనుషులుండే పడవల్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం 2019 ఏప్రిల్ నుంచి సేఫ్టీ పరీక్షలో తప్పనిసరి.

ఇంజను గురించి ఒక్కటే: వేడెక్కితే ముందు నీళ్ళ పంపుని తిట్టకండి. హల్ పక్కకి వెల్డ్ చేసిన స్కిన్ ట్యాంకులో కూలెంట్ తిరిగి, కాలువ నీటికి వేడి వదులుతుంది. ఆ ట్యాంకు పైభాగంలో గాలి చిక్కుకుంటే సగం ఉపరితలం పనిచేయదు. పైనున్న బ్లీడ్ స్క్రూ వదులు చేసి గాలి తీస్తే చాలాసార్లు రోగం అక్కడే తీరుతుంది.

లాకు లోపల

ఎగువ తలుపు కింద, లాకు లోపలికి పొడుచుకొచ్చిన రాతి గడప ఒకటుంటుంది, దాన్ని సిల్ అంటారు. లాకు నిండి ఉన్నప్పుడు కనిపించదు. దిగువకి వెళ్ళేటప్పుడు నీళ్ళు తగ్గుతుంటే పడవ వెనకభాగం ఆ గడప మీద చిక్కుకుంటుంది. ముందుభాగం నీటితో పాటు దిగుతూనే ఉంటుంది. ఒక వాలు దాటాక పడవ ముందు తలుపుల్లోంచి నీళ్ళు లోపలికి దూకుతాయి, పడవ నిమిషాల్లో పోతుంది. మనుషులూ పోయారు. గడప ఎక్కడిదాకా ఉందో గట్టు మీద తెల్లగీత ఉంటుంది. చుక్కాని ఆ గీతకి ముందు ఉండేలా పడవని ఇంజను నెమ్మది మీద నిలపాలి. చిక్కిందని తెలిసిన మరుక్షణం దిగువ తూములు మూసెయ్యాలి. అవి మూసుకున్నాయని చూసుకున్నాకే ఎగువ తూము కొద్దికొద్దిగా తెరిచి మళ్ళీ నింపాలి. అందుకే తూము దగ్గర విండ్లాస్ (తూము తిప్పే పిడి) పట్టుకున్న మనిషి కళ్ళు పడవ మీదే ఉండాలి, ఫోను మీద కాదు.

దిగేటప్పుడు తాడుని గట్టు మీది బొల్లార్డ్‌కి (తాడు కట్టే గుంజకి) ఒక చుట్టు చుట్టి చేత్తో పట్టుకోవాలి, ముడి వేయకూడదు. ముడి వేస్తే నీళ్ళు దిగిపోతాయి, పడవ తాడుకి వేలాడుతుంది. ఎక్కేటప్పుడు వేరే జాగ్రత్త: గట్టులో ఉన్న తూములు ముందు తెరవాలి. తలుపులో ఉన్న తూము మొదటే తెరిస్తే ఆ ధార నేరుగా ముందుభాగంలోకి పడుతుంది. విండ్లాస్‌ని కడ్డీ మీద వదిలి వెళ్ళకూడదు. తూము చక్రాన్ని ఆపే కొండి జారితే అది గిర్రున తిరిగి మొహం పగలగొడుతుంది.

22 మీటర్ల పొడవు, 2.1 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల దిగుడున్న ఇరుకు లాకు ఒకసారి నిండాలంటే లక్ష లీటర్ల పైనే కావాలి. ఆ నీళ్ళు కొండమీది చెరువుల నుంచి రావాలి. 2025లో వానలు మొహం చాటేసినప్పుడు లీడ్స్ అండ్ లివర్‌పూల్ లాంటి కాలువల్లో లాకులు మూసేశారు. చలికాలంలో మరమ్మతులకీ మూస్తారు. దారి వేసుకునేముందు ట్రస్ట్ నోటీసులు చూడకపోతే మీ పడవ నెలలపాటు రెండు లాకుల మధ్య బందీ.

నడక

ఒక రోజు ఎంత దూరం పోతామంటే మైళ్ళూ లాకులూ కూడి మూడుతో భాగించాలి. 12 మైళ్ళు, 9 లాకులు ఉంటే ఏడు గంటలు. డివైజెస్ దగ్గర కేన్ హిల్‌లో రెండు మైళ్ళలో 29 లాకులున్నాయి, ఆ రోజుకి వేరే పని పెట్టుకోకూడదు. వేగం గంటకి 4 మైళ్ళు మించకూడదని నిబంధన ఉన్నా, లోతు తక్కువున్న కాలువలో అదీ కుదరదు. యాక్సిలరేటర్ పెంచితే వెనకభాగం అడుగుకి పీల్చుకుపోతుంది, అలలు గట్టుని తింటాయి, పడవ మాత్రం ముందుకి సాగదు. అలలు విరుగుతుంటే తగ్గించాలి. తగ్గిస్తే చాలాచోట్ల వేగం పెరుగుతుంది కూడా. గట్టున కట్టిన పడవల పక్కనుంచి పోయేటప్పుడు మరీ నెమ్మదించాలి. లేకపోతే నీటి లాగుడికి వాళ్ళ మేకులు మట్టిలోంచి ఊడొస్తాయి.

టిల్లర్ (చుక్కాని తిప్పే కడ్డీ) ఎటు తోస్తే పడవ ముక్కు దానికి ఎదురుదిక్కుకి పోతుంది. పడవ తిరిగేది నడుము మీద, కాబట్టి ముక్కు తప్పించుకున్నా వెనకభాగం గుద్దుకోవచ్చు. వెనక్కి నడిపేటప్పుడు చుక్కాని దాదాపు పనిచేయదు. ముందుకి చిన్న తోపు ఇచ్చి ముక్కు సరిచేసుకుని మళ్ళీ వెనక్కి రావాలి. ఎదురు పడవ వస్తే కుడికి జరగాలి, కానీ మరీ ముందుగా జరిగితే అంచున బురదలో ఇరుక్కుంటారు. ఇరుక్కుంటే ముందుకి గుంజకండి, వచ్చిన దారినే వెనక్కి రావాలి. మనుషుల్ని లోతున్న పక్కకి జరిపి, గెడతో ముక్కుని తోస్తే చాలావరకు తేలుతుంది.

నదుల్లోకి, అంటే ట్రెంట్, సెవర్న్ లాంటి వాటిలోకి దిగేముందు లంగరు, దానికి గొలుసు, అందరికీ లైఫ్ జాకెట్లు ఉండాలి. లంగరు ముందే తాడుకి కట్టి, తాడు పడవకి కట్టి సిద్ధంగా ఉంచాలి. ఇంజను ఆగాక అరలోంచి వెతికేంత సమయం ప్రవాహం ఇవ్వదు.

చలికాలం పడవని వదిలి వెళ్తుంటే నీళ్ళ పంపు స్విచ్ ఆపి, కుళాయిలన్నీ తెరిచి, షవర్ మిక్సర్‌ని మధ్యలో ఉంచి, వేడినీళ్ళ ట్యాంకు ఖాళీ చేసి, పంపు వడపోత గిన్నె విప్పి పెట్టాలి. ముందుగా పగిలేది ఆ మిక్సరూ, ఆ గిన్నే. డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచితే లోపల ఆవిరి నీరై డీజిల్‌లో నాచులాంటి జీవులు పెరగవు. గ్రీజర్ ఒక చుట్టు తిప్పి, తాళ్ళకి కొంచెం వదులు ఇచ్చి వెళ్ళాలి. బిగించి కడితే కాలువ మట్టం ఒక్క అడుగు దిగినా పడవ గట్టుకి వేలాడి ఒరుగుతుంది, ఆ ఒరిగిన పక్కనే సింకు కంత ఉండొచ్చు.